‘వాటర్‌’లో ‘ట’ ఏమైంది?

అమెరికాలో ఏ హోటల్లో కూర్చున్నా మెనూ కార్డుతో పాటే ఐసు ముక్కలు వేసిన మంచినీళ్ల గ్లాసు వస్తుంది. దానికి డబ్బు తీసుకోరు. చిక్కంతా రెండో గ్లాసు దగ్గరే. కొత్తగా వెళ్లిన మనవాళ్లు ‘వాటర్’ అంటారు. వడ్డించే అమ్మాయి ఓ క్షణం ఆగి ‘సారీ?’ అంటుంది. మరింత స్పష్టంగా, ‘ట’ని నొక్కి, ‘వాటర్’ అంటారు. ఆమెకు ఇంకా అర్థం కాదు. చివరికి ఖాళీ గ్లాసు పైకెత్తి చూపిస్తే తప్ప పని జరగదు. ఎల్‌కేజీలో నేర్చుకున్న మాట, జీఆర్‌ఈ గట్టెక్కిన మనిషి నోట విఫలమవుతుంది.

ఈ అనుభవం చిన్నదే కానీ మనసులో చాలాకాలం ఉండిపోతుంది. ‘నాకు ఇంగ్లిష్ రాదు’ అన్న దిగులు అక్కడే మొదలవుతుంది. కొందరు మీటింగుల్లో నోరు విప్పడం తగ్గిస్తారు. ఫోను చేయాల్సిన చోట ఈమెయిల్ పంపుతారు. నిజానికి వాళ్లకు ఇంగ్లిష్ రాకపోవడమేమీ లేదు. అక్షరాలు చూసి నేర్చుకున్న మాటకూ, అక్కడ జనం నోట నలిగిన మాటకూ మధ్య దూరం ఉందంతే. ఆ దూరం ఎంతో, ఎందుకొచ్చిందో తెలిస్తే దాన్ని దాటడం కష్టం కాదు. అందుకు కావలసిన సరంజామాలో చాలా భాగం తెలుగువాడి నోట్లో ముందే ఉంది కూడా.

అమెరికాలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010-2017 మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన సంస్థ లెక్కల ఆధారంగా చేసిన విశ్లేషణ చెప్పింది. ఆ కాలంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష మరొకటి లేదు. డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా, కాలిఫోర్నియా బే ఏరియా మన ఊళ్లలో ఇంటింటి మాటలయ్యాయి. కాబట్టి ‘వాటర్’ని అమెరికన్లు ఎలా పలుకుతారన్నది ఇప్పుడు లక్షల తెలుగు కుటుంబాలకు నిత్యం అవసరమయ్యే విషయం.

నాలుక అలా తగిలి ఇలా వదిలేస్తుంది

ఇంగ్లిష్‌లో ఐదక్షరాల ఈ మాటలో మొదటి హల్లు, దాని మీది అచ్చు, నడిమి ‘ట’, చివరి ‘ర్’ అని నాలుగు చోట్లు చూసుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది నడిమి ‘ట’.

మనం ‘వాటర్’ అన్నప్పుడు నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి ఆనిస్తాం. గాలి ఆగిపోతుంది. గొంతులోని స్వరతంత్రుల కంపనం కూడా ఆ క్షణం ఆగుతుంది. అమెరికన్ నోట ఈ రెండూ జరగవు. నాలుక కొన పై పళ్ల వెనక ఉన్న చిగురు గట్టుకు తగిలీ తగలకుండా తగిలి కిందికి దిగిపోతుంది. ఆ స్పర్శ సెకనులో నలభయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ కాసేపూ గొంతులో నాదం ఆగదు. అందుకే అది చెవికి ‘ట’లా వినిపించదు. ‘వాడర్’ అన్నట్టో, ‘వారర్’ అన్నట్టో వినిపిస్తుంది. ధ్వని శాస్త్రంలో ఈ శబ్దాన్ని ట్యాప్ అంటారు, ఫ్లాప్ అనీ అంటారు.

ఇది నిర్లక్ష్యపు పలుకు కాదు. ప్రొఫెసర్లు, వార్తలు చదివేవాళ్లు, న్యాయమూర్తులు, అధ్యక్షులు అందరూ అలాగే అంటారు. మామూలు సంభాషణలో స్వచ్ఛమైన ‘ట’ పెట్టి ‘వాటర్’ అంటే అమెరికన్ చెవికి బ్రిటిష్ మనిషో, నాటకంలో సంభాషణో గుర్తుకొస్తుంది. ఇంగ్లండులో చాలామంది సామాన్యుల నోట ఆ ‘ట’ పూర్తిగా గొంతులోకి దిగిపోయి, ‘వా’ తర్వాత చిన్న అడ్డుకట్టలా ఆగి ‘అ’ అన్నట్టు వినిపిస్తుంది. అదీ అమెరికన్‌కు కొత్తే.

ఈ మార్పుకు కచ్చితమైన నియమం ఉంది. మాట మధ్యలో రెండు అచ్చుల నడుమ ‘ట’ వచ్చి, తర్వాతి అచ్చు మీద ఊనిక లేకపోతే అది మెత్తబడుతుంది. బెటర్, బటర్, సిటీ, లెటర్, మ్యాటర్ అన్నీ ఈ దారినే నడుస్తాయి. తర్వాతి అచ్చు మీద ఊనిక ఉంటే ‘ట’ చెక్కు చెదరదు. హోటల్, అటాక్, రిటర్న్ మాటల్లో ఊనిక రెండో భాగం మీద ఉంది కనుక అక్కడ గట్టి ‘ట’ పలుకుతుంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు మాటల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. ‘ఆటమ్’లో మెత్తబడిన ‘ట’ ‘అటామిక్’లో గట్టిపడుతుంది. ‘ఫొటో’లో జారిపోయిన ‘ట’ ‘ఫొటోగ్రఫీ’లో నిలబడుతుంది.

అంగడిలో లెక్క కట్టేటప్పుడు ఇది తెలియకపోతే నష్టమే. ‘థర్టీ’లో రెండో భాగం మీద ఊనిక లేదు, అందుకని ‘థర్డీ’ అన్నట్టు వినిపిస్తుంది. ‘థర్టీన్’లో చివరి భాగం మీద ఊనిక పడితే ‘ట’ గట్టిగా ఉంటుంది. ముప్పైకీ పదమూడుకీ మధ్య తేడాను అమెరికన్ చెవి ‘న్’ కోసం ఎదురు చూడకుండా ఇక్కడే పట్టేస్తుంది. మనం రెండిటినీ ఒకే బరువుతో పలికితే ఎదుటివాళ్లు ‘వన్-త్రీయా, త్రీ-జీరోనా?’ అని అడుగుతారు.

అన్నదమ్ములు నేర్పే పాఠం

ఇదంతా వింటే మనకు కొత్త విద్యలా తోస్తుంది. మన నోట్లో జరిగేదాన్ని ఒకసారి గమనించండి.

అన్న, తమ్ముడు కలిస్తే ‘అన్నతమ్ములు’ అనం, ‘అన్నదమ్ములు’ అంటాం. తల్లి, తండ్రి కలిస్తే ‘తల్లిదండ్రులు’. కూర, కాయలు కలిస్తే ‘కూరగాయలు’. రెండో మాట మొదట్లోని పరుషం, అంటే క చ ట త పల్లో ఒకటి, రెండు అచ్చుల మధ్య చిక్కేసరికి మెత్తబడింది. హైస్కూల్లో గసడదవాదేశ సంధి అని మనమంతా చదివింది దీన్నే. ఆ పేరులోనే ‘ట’కు బదులు ‘డ’ వస్తుందన్న సంగతి ఉంది. ‘వాడు టక్కరి’ అన్నది ‘వాడు డక్కరి’ అవుతుంది. అచ్చు పలికేటప్పుడు స్వరతంత్రులు కంపిస్తూ ఉంటాయి. మధ్యలో ఒక హల్లు కోసం ఆ కంపనాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టడం శ్రమ. ఆపకుండా సాగిపోతే పరుషం సరళమవుతుంది. అమెరికన్లు ‘వాటర్’లో చేసిందీ, మన పూర్వులు ‘అన్నదమ్ములు’లో చేసిందీ మూలంలో ఒకటే పని. మనం దాన్ని సంధి అని గౌరవించి వ్యాకరణంలో చేర్చాం. వాళ్లు స్పెల్లింగును అలాగే ఉంచి పలుకును మార్చుకున్నారు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ‘వాడు’ అని మామూలుగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అనండి. ఇప్పుడు ‘డబ్బు’ అనండి. ‘డబ్బు’లో మొదటి ‘డ’కు నాలుక గట్టిగా ఆని, ఒత్తిడితో విడిపోతుంది. ‘వాడు’లో నాలుక అలా తాకి జారిపోతుంది. బడి, గోడ, వాడు, చూడు... ఈ మాటల్లో ‘డ’ ఆ జారుడు శబ్దమే. అమెరికన్ ‘వాటర్’కు కావలసిన కదలిక దాదాపు ఇదే. ఒక్క సవరణ చాలు. మన ‘డ’కు నాలుక వెనక్కి వంగుతుంది, దాన్ని కాస్త ముందుకు జరిపి, ‘వారు’ అన్నప్పుడు ‘ర’ తగిలే చోట తగిలించాలి. అంతర్జాతీయ ధ్వని లిపిలో అమెరికన్ ‘వాటర్’ నడిమి శబ్దానికి ఏ గుర్తు వాడతారో, ఒక్కసారి నాలుక తాకి పలికే మన ‘ర’కూ అదే గుర్తు వాడతారు.

బోధనలో ఈ సంగతిని మనం వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఫ్రెంచి మనిషికో, జర్మన్ మనిషికో ఈ శబ్దం మొదటినుంచీ నేర్పాలి. తెలుగు పిల్లవాడికి ‘వాడు అన్నట్టే అను’ అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఆ ఒక్క మాటా చెప్పేవాళ్లే కరవు.

పెదవుల దగ్గర అసలు చిక్కు

‘ట’ సర్దుకున్నా మొదటి హల్లు తేడాగా ఉంటే మాట అర్థం కాకపోవచ్చు. ఇంగ్లిష్‌లో డబ్ల్యూకూ వి అక్షరానికీ వేర్వేరు శబ్దాలు. మనకు రెండూ ‘వ’. మన ‘వ’ పలికేటప్పుడు కింది పెదవి పై పళ్ల దగ్గరికి వెళుతుంది. ‘వైన్’ అంటే తాగేదో, పాకే తీగో మన చెవికి తేడా తెలియదు. అమెరికన్‌కు అవి రెండు వేరు మాటలు. అందుకే మనం ‘వాటర్’ అంటే అతనికి డబ్ల్యూ కాకుండా వి వినిపిస్తుంది. ఆ అక్షరంతో మొదలయ్యే అలాంటి మాట ఏదీ తోచక తికమక పడతాడు.

డబ్ల్యూకు పళ్లతో పనిలేదు. పెదవులు రెండూ ‘ఉ’ అన్నట్టు గుండ్రంగా ముందుకు రావాలి. అక్కడి నుంచి ‘ఆ’లోకి తెరుచుకోవాలి. ‘ఉ-ఆ’ అని నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతే ఆ శబ్దం దానంతటదే వస్తుంది. ఇదీ మనకు పూర్తిగా పరాయిది కాదు. పుస్తకంలో ‘ఒకటి’ అని రాసి ఉన్నదాన్ని మన పల్లెల్లో ‘వొకటి’ అంటారు. అక్కడ పెదవులు గుండ్రమవడం గమనించండి, పళ్లు తగలవు. డబ్ల్యూ అంటే ఆ పెదవే.

అచ్చు విషయంలో మనకు ఇబ్బంది తక్కువ. కాలిఫోర్నియాతో సహా పశ్చిమ రాష్ట్రాల్లో చాలామంది ఈ మాటలోని అచ్చును మన ‘ఆ’కు దగ్గరగానే పలుకుతారు. న్యూయార్క్‌లో పెదవులు గుండ్రమై ‘ఓ’ వైపు జరుగుతుంది. రెండూ సరైనవే.

మాటలోని మిగతా భాగం అమెరికా పిల్లలకూ కష్టమే. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ కథ మనకు తెలిసిందే. పందొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి అవి పోకముందు ఆమె నేర్చిన కొద్ది మాటల్లో చివరిదాకా మిగిలింది నీళ్ల మాటే. అదీ ‘వా-వా’ అన్న రూపంలో. 1887లో అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో పంపు దగ్గర గురువు యాన్ సలివన్ ఆమె ఒక చేతి మీద నీళ్లు పారనిచ్చి, రెండో అరచేతిలో అక్షరాలు రాసినప్పుడు ఆ పాత జ్ఞాపకమే మేల్కొంది. పిల్లల నోట ముందు వచ్చేది ‘వా’. నాలుకతో పనిపడే నడిమి హల్లు, చివరి ‘ర్’ తర్వాత వస్తాయి. పరాయి దేశం నుంచి వచ్చి నడివయసులో ఆ మాట దిద్దుకుంటున్న మనిషి తన మీద తాను కాస్త ఓపిక పట్టడం న్యాయం.

ఎక్కడా తాకని ‘ర్’

మన ‘ర్’ నాలుక తాకితేనే పలుకుతుంది. అమెరికన్ ‘ర్’ పలికేటప్పుడు నాలుక కొన దేనికీ తగలదు. 1968లో పియెర్ డెలాట్ర్, డొనాల్డ్ ఫ్రీమన్ అనే పరిశోధకులు ఎక్స్‌రే చిత్రాలతో దీన్ని పరిశీలించి, అమెరికన్లు ఈ శబ్దాన్ని ఒకే విధంగా చేయరని చూపించారు. కొందరు నాలుక కొనను పైకి లేపుతారు. కొందరు కొనను కిందనే ఉంచి నాలుక మధ్య భాగాన్ని ముద్దగా పైకి తెస్తారు. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కాబట్టి ‘నాలుక ఇలాగే పెట్టాలి’ అని బెంగపడనక్కర్లేదు. తాకకుండా ఉంటే చాలు.

‘వాటర్’లో మరో సంగతి గమనించాలి. రెండో భాగంలో ‘అ’ వేరు, ‘ర్’ వేరు కావు. అచ్చే ‘ర్’ రంగు పులుముకుని వస్తుంది. మనం ‘టర్’ అని అచ్చునూ హల్లునూ విడివిడిగా, బరువుగా పలుకుతాం. కొందరు ఆపైన అలవాటుకొద్దీ చివర ‘ఉ’ చేర్చి ‘వాటరు’ అంటారు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక అది సహజం. బస్సు, కారు, రైలు అలాగే మనవయ్యాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు ‘వాటరు’ అందమైన తెలుగు మాటే. ఇంగ్లిష్‌లోకి వెళ్లినప్పుడు మాత్రం ఆ ‘ఉ’ని ఇంటి దగ్గర వదిలి వెళ్లాలి.

ఈ ‘ర్’కు అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివరికల్లా లండన్ పెద్దింటి వాళ్లు మాట చివరి ‘ర్’ని వదిలేశారు. లండన్‌తో రాకపోకలున్న బోస్టన్, న్యూయార్క్, దక్షిణాది రేవు పట్టణాలు ఆ దారే పట్టాయి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపన్యాసాల రికార్డులు వింటే చాలా చోట్ల మాట చివర ‘ర్’ వినిపించదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి మళ్లింది. దేశం నడిమి ప్రాంతాల్లో ఎప్పుడూ నిలిచి ఉన్న ‘ర్’ గౌరవానికి గుర్తయింది.

ఆ మార్పును విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లో పట్టుకున్న తీరు ఇప్పటికీ పాఠ్యాంశం. ఖరీదైన శాక్స్, మధ్యతరగతి మేసీస్, చవక ధరల క్లైన్ అనే మూడు దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఏదో ముందే తెలుసుకుని, అది ఎక్కడని సిబ్బందిని అడిగారు. వాళ్లు ‘ఫోర్త్ ఫ్లోర్’ అనాల్సిందే. వినబడనట్టు నటించి రెండోసారీ చెప్పించారు. శాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో 20 శాతం మంది ‘ర్’ని కనీసం కొన్నిసార్లయినా పలికారు. ‘ర్’ ఉండటం, లేకపోవడంలో తప్పొప్పులేమీ లేవు. లండన్‌లో ‘ర్’ వదలడం హోదా, న్యూయార్క్‌లో పలకడం హోదా. ఉచ్చారణకు విలువ కట్టేది సమాజమే.

ఫిలడెల్ఫియాలో అది ‘వుడర్’

‘అమెరికన్ల లాగా’ అంటున్నాం కానీ ఆ దేశం ఒకే రకంగా మాట్లాడదు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల పాతకాపులు ఈ మాటను ‘వుడర్’ అన్నట్టు పలుకుతారు. ఆ ఊరి గుర్తుగా దేశమంతా చెప్పుకునే పలుకు ఇది. 2021లో వచ్చిన ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’ టీవీ సీరియల్ కోసం ఇంగ్లండు నటి కేట్ విన్‌స్లెట్ ఆ ప్రాంతపు యాసను పట్టుదలగా నేర్చుకుంది. ఆమె నోట ‘వుడర్’ విని ఆ ఊరివాళ్లు సంబరపడ్డారు. తమ యాస తెర మీద వినిపించినందుకు ఒక పెద్ద నగరం మురిసిపోయిందంటే యాసకు మనిషి ఎంత ముడిపడి ఉంటాడో తెలుస్తుంది.

ఆ నగరానికీ తెలుగు భాషాశాస్త్రానికీ బంధం ఉంది. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో డాక్టరేట్ అందుకున్నది ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచే. లబోవ్ తర్వాతి కాలంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిందీ అక్కడే. సహచరులతో కలిసి ఉత్తర అమెరికా ఇంగ్లిష్ యాసల పటాన్ని 2006లో వెలువరించిన లబోవ్ 2024 డిసెంబరులో కన్నుమూశారు. కృష్ణమూర్తి తెలుగునేలకు తిరిగి వచ్చి మాండలిక వృత్తి పదకోశాల పనికి పూనుకున్నారు. వ్యవసాయ పదాలతో తొలి సంపుటం 1962లో వచ్చింది. రైతు నోట ఉన్న మాటకు పండితుడి మాటతో సమానమైన శాస్త్ర గౌరవం ఉందని ఆ పని నిరూపించింది. శ్రీకాకుళం పలుకు, కడప పలుకు, కరీంనగర్ పలుకు వేర్వేరుగా ఉంటూనే అన్నీ తెలుగే అయినట్టు, ‘వాడర్’, ‘వుడర్’ రెండూ ఇంగ్లిషే. మన హైదరాబాద్ ‘వాటర్’ కూడా ఆ వరుసలోదే.

ఊనికే ప్రాణం

నాలుగు శబ్దాలూ కుదిరాక కూడా మాట నిలబడేది ఊనిక మీద. ‘వాటర్’లో మొదటి భాగం పొడవుగా, కాస్త ఎత్తు గొంతుతో పలకాలి. రెండో భాగం పొట్టిగా, మెత్తగా తేలిపోవాలి. తెలుగు నడక వేరు. మనం ప్రతి అక్షరానికీ దాని వాటా ఇస్తాం, ఏ అక్షరాన్నీ మింగేయం. ఇంగ్లిష్‌లో ఒక భాగాన్ని ఎత్తడానికి పక్కదాన్ని అణచాలి.

దీని విలువను మన హైదరాబాద్ ఎప్పుడో గుర్తించింది. 1958లో ఇక్కడ ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, ఇప్పటి ఇఫ్లూ, మన దేశంలో ఉచ్చారణ బోధనకు పెద్ద దిక్కు. భారతీయుల ఇంగ్లిష్ విదేశీయులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి ఆర్.కె.బన్సల్ రాసిన గ్రంథం 1969లో ఆ సంస్థ నుంచే వచ్చింది. మాటలో ఊనిక పడాల్సిన చోట పడకపోవడం అర్థం చెడటానికి ముఖ్య కారణమని అందులో తేలింది. అయినా మన బడుల్లో ఇప్పటికీ స్పెల్లింగు తప్పితే మార్కులు పోతాయి, ఊనిక తప్పితే ఎవరూ పట్టించుకోరు.

మాట ఒంటరిగా కాకుండా వాక్యంలో ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ‘కెన్ ఐ గెట్ సమ్ వాటర్?’ అన్న వాక్యాన్ని అమెరికన్ విడివిడి మాటలుగా పలకడు. మొదటి మాటలన్నీ ఒకదానిలోకి ఒకటి ఒదిగి వేగంగా దొర్లిపోతాయి, బరువంతా ‘వా’ మీద పడుతుంది. ‘గ్లాస్ ఆఫ్ వాటర్’లో ‘ఆఫ్’ దాదాపు ఒట్టి ‘అ’ అయిపోతుంది. మనం ప్రతి మాటనూ సమానంగా నొక్కితే వినేవాళ్లకు ఏది ముఖ్యమో తెలియదు.

చెవి బాధ్యత

ఇంతవరకూ పలికేవాళ్ల సంగతి చెప్పుకున్నాం. అర్థం కాకపోవడానికి కారణం ప్రతిసారీ మన నాలుకే కాదు. 1992లో జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు డొనాల్డ్ రూబిన్ విద్యార్థులకు ఒక రికార్డు చేసిన పాఠం వినిపించారు. పాఠం చెప్పిన గొంతు ఒహాయో రాష్ట్రంలో పుట్టి పెరిగిన అమెరికన్‌ది. కొందరికి పాఠం వింటున్నప్పుడు తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించారు. గొంతు ఒకటే, పాఠం ఒకటే. ఆసియా ముఖం చూసినవాళ్లు ఆ గొంతులో విదేశీ యాస వినిపించిందన్నారు. పాఠం కూడా వాళ్లకు తక్కువ గుర్తుంది. అంటే లేని యాసను కన్ను చెవికి వినిపించింది.

యంత్రాల చెవీ ఇలాంటిదే. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఐదు పెద్ద కంపెనీల మాట గుర్తించే వ్యవస్థలను పరీక్షిస్తే, తెల్లవారి మాటల్లో సగటున నూటికి 19 తప్పుగా రాశాయి. నల్లజాతి అమెరికన్ల మాటల్లో నూటికి 35 తప్పాయి. వాళ్లంతా పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే. యంత్రానికి నేర్పినప్పుడు ఎవరి గొంతులు వినిపించామో వాళ్ల మాటే దానికి తెలుస్తుంది.

ఈ చెవుడు ఉద్యోగాల మీదా పడుతుంది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన మాన్యుయెల్ ఫ్రగాంటే హోనలూలూలో వాహనాల విభాగం గుమస్తా కొలువుకు రాత పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఇంటర్వ్యూలో యాస కారణంగా ఉద్యోగం రాలేదు. ఆయన కోర్టుకెక్కారు. 1989లో అప్పీలు కోర్టు నగర పాలక సంస్థ పక్షానే తీర్పునిచ్చింది. ఉద్యోగం చేయడానికి యాస నిజంగా, చెప్పుకోదగ్గంతగా అడ్డమైతే తప్ప దాన్ని సాకుగా చూపకూడదని అమెరికా సమాన ఉద్యోగావకాశాల సంఘం 2016 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అక్కడున్న మనవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డర్వింగ్ 1995లో వెలువరించిన పరిశోధన ఈ చర్చకు దారి చూపింది. యాస గట్టిగా ఉన్న మాట కూడా వినేవాళ్లకు పూర్తిగా అర్థం కావచ్చని వాళ్లు తేల్చారు. యాస వేరు, అర్థం కావడం వేరు. మనం దిద్దుకోవలసింది అర్థానికి అడ్డొచ్చే నాలుగైదు చోట్లనే. మిగతా గొంతు మనదిగానే ఉండొచ్చు.

ఇంట్లోనే చేసే సాధన

అద్దం ముందు నిలబడండి. పెదవులు ‘ఉ’కు గుండ్రం చేసి ‘ఆ’లోకి తెరవండి. పళ్లు పెదవికి తగిలితే మళ్లీ మొదలుపెట్టండి. ఇది కుదిరాక ‘వాడు’లోని ‘డ’ని చేర్చండి, నాలుక కొంచెం ముందుకు తేవడం మరవకండి. చివరికి నాలుకను పైకి తెచ్చి, ఎక్కడా తాకనివ్వకుండా మెత్తగా ముగించండి. మొదటి భాగం సాగనీయండి, రెండోదాన్ని వదిలేయండి.

‘వాటర్’ వరసలో నడిచేవి: బెటర్, బటర్, లెటర్, డాటర్, సిటీ, పార్టీ, థర్టీ, ఫోర్టీ. రెండు మాటలు కలిసిన చోటా ఇదే: ‘గెట్ అప్’ని ‘గెడప్’ అంటారు, ‘ఎ లాట్ ఆఫ్’ని ‘అలాడవ్’ అంటారు.

గట్టి ‘ట’ నిలిచేవి: హోటల్, రిటర్న్, అటాక్, థర్టీన్, ఫోర్టీన్.

‘న’ పక్కన ‘ట’ కరిగిపోయేవి: ‘ట్వెంటీ’ ‘ట్వెనీ’ అవుతుంది, ‘ఇంటర్‌నెట్’ ‘ఇనర్‌నెట్’ అవుతుంది. అట్లాంటా వాళ్లు తమ ఊరిని ‘అట్లానా’ అన్నట్టు పలుకుతారు.

గొంతులో ఆగేవి: బటన్, కాటన్, మౌంటెన్. వీటిలో ‘ట’ దగ్గర గాలి గొంతులో ఓ క్షణం ఆగి నేరుగా ‘న్’లోకి వెళుతుంది.

ఆన్‌లైన్ కేంబ్రిడ్జ్ డిక్షనరీలో అమెరికన్ ఉచ్చారణ చూస్తే మెత్తబడే ‘టి’ కింద బుల్లి ‘వి’ ఆకారపు గుర్తు ఉంటుంది. పక్కనే స్పీకరు బొమ్మ నొక్కి వినవచ్చు. కళ్లు మూసుకుని ముందు వినండి, తర్వాత పలకండి, తర్వాతే స్పెల్లింగు చూడండి.

సిగ్గుతో కాదు, ఇష్టంతో

అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఈ మాటను చక్కగా పలుకుతారు. ‘అలా కాదు నాన్నా’ అని ఇంట్లో దిద్దుతారు కూడా. ఆ దిద్దుబాటును సంతోషంగా తీసుకోవచ్చు. అయితే అదే పిల్లలకు ఒక సంగతి చెప్పాల్సిన బాధ్యత తల్లిదండ్రులదే. నాన్న ‘వాటర్’ వేరుగా పలుకుతున్నాడంటే ఆయన తలలో ఇంకో భాష నిండుగా ఉందని అర్థం. నవ్వుకోవలసిన లోపం కాదది. రెండో భాష నేర్చిన ప్రతివాడి నోటా మొదటి భాష వినిపిస్తుంది. తెలుగు పేర్లు పలకబోయి తడబడే అమెరికన్ నోట ఇంగ్లిష్ వినిపించినట్టే.

అవతలివాళ్లకు మొదటిసారే అర్థమయ్యేలా పలకడం వినేవాళ్ల పట్ల మర్యాద. మన మాటను ఓపికగా వినడం వాళ్లు మన పట్ల చూపాల్సిన మర్యాద. మొదటిది మన చేతిలో ఉంది, అది నేర్చుకుందాం. రెండోది అడిగి తీసుకుందాం. ‘సారీ?’ అన్నప్పుడు తలదించుకోనక్కర్లేదు, ఇంకోసారి నిదానంగా చెబితే చాలు.

అసలు పని మాత్రం ఇక్కడ, మన బడుల్లో మొదలవ్వాలి. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిస్తున్నాం. ఇంగ్లిష్ అచ్చులు, ఊనిక, డబ్ల్యూ-వి తేడా చెప్పే ఒక్క పీరియడ్ కూడా టైంటేబుల్లో పెట్టడం లేదు. ప్రతి పాఠంలో కొత్త మాట వచ్చినప్పుడు టీచరు ముందు దాన్ని వినిపించాలి. ఊనిక ఎక్కడుందో చప్పట్లతో చూపించాలి. ‘వాడు’, ‘వొకటి’, ‘అన్నదమ్ములు’ వంటి మన మాటలతోనే ఆ శబ్దాలను పరిచయం చేయాలి. దీనికి ల్యాబులు, ఖరీదైన కోర్సులు అక్కర్లేదు. టీచర్ల శిక్షణలో కొన్ని తరగతులు, తెలుగు ధ్వనులతో పోల్చి రాసిన ఒక చిన్న పుస్తకం చాలు. ఉచ్చారణ శాస్త్రాన్ని ఇన్నేళ్లుగా పోషించిన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ విద్య మన ఊరి బడి దాకా రావాలి. తెలుగు బాగా తెలిసిన పిల్లవాడే ఇంగ్లిష్ శబ్దాలను త్వరగా పట్టుకుంటాడని అప్పుడు అందరికీ తెలిసొస్తుంది.